మెల్లకన్ను

ఆవుకేం కాలేదు.
ముందా మాట చెప్పెయ్యాలి,
మక్వాలా కూడా ముందు అదే అడిగింది, తర్వాతే నన్ను చూసింది.
ఖైషి దాటాక మూడో మలుపులో
రోడ్డు తన పుట్టిల్లన్నట్టు పడుకునుంది.
లేచి, ఒళ్ళు విరుచుకుని,
నా డెలికా కుడి దీపాన్ని కొమ్ముతో ఒక్క పోటు పొడిచి
నెమరు ఆపకుండానే వెళ్ళిపోయింది.

దీపం చావలేదు. పగిలింది.
అద్దం మీద సాలెగూడు, కింది మూల బొటనవేలంత చిల్లు,
లోపల వెండిపూత మీద అప్పుడే ఆవిరి.
పగిలినా వెలుగుతోంది, అదే చిక్కు.
పూర్తిగా పోయినదాని గురించి ఎవరూ ఆలోచించరు,
మార్చేస్తారు.

మక్వాలాది అతికించే వంశం.
మా ఇంట్లో చెవి విరిగిన కూజాకి తీగ చెవి,
మా మామగారి కళ్ళజోడుకి నా చొక్కా గుండీ.
"కంట్లో నలుసు పడితే కన్ను మారుస్తామా?" అంది.

జుగ్దిదిలో ముర్తాజ్ దాన్ని ఊడదీసి
పుచ్చకాయ బేరమాడేవాడిలా వేలితో తట్టాడు.
"జిగురు పోసి, ఎండబెట్టి, నలభైకి ఇచ్చేస్తా.
ఒక చలికాలం ఆగుతుంది. రెండోదానికి నా పూచీ లేదు.
మార్చాలంటే రుస్తావి సంతలో జత మూడొందలు."
"జతెందుకు? పగిలింది ఒకటేగా."

అప్పుడు చెప్పాడు, నాకు తెలియనట్టు.
ఈ బండి పుట్టింది జపాన్‌లో. అక్కడ ఎడమ పక్కన నడుస్తారు.
దాని దీపాలు ఇప్పటికీ ఎడమకే ఒరిగి చూస్తాయి,
ఆ ఊళ్ళ కాలిబాటల్ని, కంచెల్ని వెతుక్కుంటూ.
ఇక్కడ ఎడమన ఉండేది ఎదురొచ్చేవాడి మొహం.
"పదకొండేళ్ళుగా ఈ దారిలో అందరి కళ్ళల్లో
కారం కొడుతున్నావు," అన్నాడు నవ్వుతూ.
నేనూ నవ్వాను. అందరి బండ్లూ అవేగా.

ఒక్క రాత్రికి వాడి చూడమని
జర్మనీలో అమ్మిన డెలికా దీపమొకటి కుడివైపు బిగించాడు.
ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు.
మెల్లకన్ను బండితో కొండెక్కాను.
వెనక పిండి బస్తాలు, ఒక టీచరమ్మ, ఆవిడ కుట్టుమిషను.
డ్యాం దాటేసరికి చీకటి.

కుడి అంచు కనబడింది.
నా సీటు ఉన్నదే ఆ అంచు పక్కన, అయినా
ఇన్నేళ్ళలో రాత్రిపూట దాన్ని చూసింది లేదు:
తెల్ల రాళ్ళు, వంగిన కమ్మీ, నక్క తోక,
లోయలోకి తొంగి చూస్తున్న పొద.
తర్వాత, మలుపులో, రాయి.

బిముర్జా రాయి.
పగలైతే ఆ చోట గేరు మారుస్తాను, పాట మారుస్తాను,
టూరిస్టులకి ఎడమన మంచుకొండ చూపిస్తాను.
రాత్రి ఆ అవసరం ఉండేది కాదు.
ఇప్పుడు నల్లరాతి మీద చెక్కిన వాడి మొహం
టోపీతో సహా తెల్లగా లేచి వచ్చింది.
ముందొక చిన్న బల్ల, దాని మీద బోర్లించిన గ్లాసు.

ఎదుటి వెలుగుకి కళ్ళు బైర్లు కమ్మి ఉంటాయన్నారు అప్పట్లో.
మంచన్నారు, తాగుడన్నారు, టైర్లన్నారు.
ఎదుటివాడు ఎవరని ఎవరూ అడగలేదు.
నేను అసలే అడగలేదు.
ఆ రాత్రి కిందికి దిగిన బండ్లు నాలుగో, అయిదో.
ఈ బండి కొని నాకప్పటికి మూడు వారాలు.

ఎందుకాపావంది టీచరమ్మ.
ఇంజను చల్లబడాలన్నాను.
రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి,
ఒకటి ఖాళీ రోడ్డు మీద, ఒకటి వాడి మీద.

పొద్దున ముర్తాజ్‌కి ఫోన్ చేసి
జత తెప్పించమన్నాను.
"నలభైతో పోయేదానికి మూడొందలా?
ఏం, రాత్రి ఏం కనబడింది?"
"అంచు," అన్నాను.
పాతవి పారెయ్యనా అన్నాడు.
ఉంచమన్నాను.
ఎందుకో ఇంకా తేలలేదు.